తొక్కు, పట్టు, వదులు

నేను ఒక మరను. నిలబెడితే అంగుళం పొడవు కూడా ఉండను. కడుపులో సన్నటి బెజ్జం, తల మీద స్పానరు పట్టడానికి ఆరు పలకలు, ఆ పైన ఒకప్పుడు రబ్బరు టోపీ, ఇదీ నా సొగసు. మెకానిక్కులు నన్ను బ్లీడరు అంటారు. కొన్ని పాత వ్యానుల్లో క్లచ్ పెడల్ తొక్కితే ఆ బలం సన్నటి గొట్టంలోని ఆయిల్ ద్వారా గేర్ బాక్సు దాకా వెళ్తుంది. ఆ ఆయిల్లోకి గాలి దూరిందా, ఇక అంతే సంగతులు. పెడల్ మెత్తగా నేలకి అంటుకుపోతుంది, గేరు పడదు, బండి కదలదు. లోపల దూరిన ఆ గాలిని బయటికి సాగనంపే తలుపుని నేను. నా పేరు మీరు ఎప్పుడూ వినలేదంటే మీ బండి బాగుందన్నమాట. నేనేమీ నొచ్చుకోను. కొంచెం నొచ్చుకుంటాను గానీ పైకి చెప్పను.

నేను పుట్టింది ఒక లేతు మిషను మీద. ఒకే కడ్డీలోంచి నాతోపాటు బోలెడంతమంది అన్నదమ్ములు పుట్టారు. మమ్మల్నందర్నీ ఒకే రేకు డబ్బాలో పోశారు. నా తోడబుట్టినవాళ్ళు చాలామంది బ్రేకులకి పోయారు, నేను క్లచ్చుకి వచ్చాను. బ్రేకులవాళ్ళకి గర్వం ఎక్కువ. నిజమే మరి, బ్రేకు పోతే ప్రాణం పోతుంది. క్లచ్ పోతే నడిరోడ్డు మీద మర్యాద మాత్రమే పోతుంది. మనుషులు దేనికి ఎక్కువ బాధపడతారో నేను చూశాను కాబట్టి, నా ఉద్యోగం చిన్నదని ఒప్పుకోను.

నేను బిగుసుకున్న వ్యాను మొదట ఒక ఆఫీసరు గారిది. ఆయనకి గేరు మార్చిన కుదుపు గిట్టదని డ్రైవరు ఊరంతా రెండో గేరులోనే తిప్పేవాడు. తరవాత మమ్మల్ని ఒక సినిమా హాలు వాళ్ళు కొన్నారు. పైన మైకు, పక్కన బొమ్మల అట్ట, రోజంతా సగం తొక్కిన క్లచ్చుతో నత్తనడక. నా రబ్బరు టోపీ ఎక్కడో ఊళ్ళ మధ్య ఊడిపోయింది ఆ రోజుల్లోనే. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అప్పట్నుంచీ బోడితలతో బురదకీ దుమ్ముకీ తుప్పుపట్టి ఉన్నాను. చివరికి కడియపులంకలో మొక్కల నర్సరీ నడిపే తాతబ్బాయి చేతికి వచ్చాం.

తాతబ్బాయికి అరవై నాలుగేళ్ళు. మనిషి మంచివాడు. కాకపోతే తన బండి మీద ఇంకొకడి చెయ్యి పడితే ఓర్చుకోలేడు. అన్నీ తనే విప్పుతాడు, తనే బిగిస్తాడు, చివర్లో రెండు బోల్టులు మిగిలితే "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడే" అంటాడు. నా తలకి సరిపోయే పది నంబరు స్పానరు ఆయన దగ్గర లేదు. పదకొండు నంబరుది పెట్టి సందులో బ్లేడు ముక్క దూరుస్తాడు. ఆయన చెయ్యి దగ్గరికొచ్చినప్పుడల్లా నా పలకలు అరిగిపోతాయని హడలిపోయేవాణ్ణి.

ఆయన భార్య వరహాలమ్మ. ఆవిడ తమ్ముడు బుల్లిరాజు, ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి రిటైరయినవాడు, పక్కిల్లే. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా కూరల గిన్నెలు, కొబ్బరికాయలు, పేపరు రోజూ అటూ ఇటూ ప్రయాణం చేసేవి. బావా బావమరుదులు ఆ గోడకి చెరో వైపు మోచేతులు ఆనించుకుని ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకుంటూ పొద్దుపుచ్చేవారు. నేను వ్యాను కింద నుంచి వింటూ ఉండేవాణ్ణి.

ఎనిమిది నెలల కిందట అంతా ఆగిపోయింది. బుల్లిరాజు ఇంటి మీద మేడ కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. అతని భార్య వచ్చి వరహాలమ్మకి బొట్టు పెట్టి పిలిచింది. బావగారికి మాత్రం శుభలేఖ ఫోటో ఫోన్లో వచ్చింది. అదీ ఊరందరికీ పంపినదే. తాతబ్బాయి ఆ ఫోన్ని చేతిలో పట్టుకుని అరగంట గోడకేసి చూశాడు. నడుమెత్తు గోడ, దాటితే నాలుగు అడుగులు. పసుపు రాసిన కార్డు పట్టుకుని, గుమ్మంలోకి వచ్చి, "బావా, నువ్వు రావాలి" అని అనాలా అక్కర్లేదా? అనలేదు కాబట్టి ఈయన వెళ్ళలేదు. ఈయన రాలేదు కాబట్టి అతను మాట్లాడలేదు. ఇద్దరూ తప్పు అవతలివాడిదే అని గట్టిగా నమ్మారు. గాలి ఎంత చిన్న సందులోంచి దూరుతుందో నాకు తెలుసు గనక నేను ఆశ్చర్యపోలేదు.

అప్పట్నుంచీ ఏ మాటైనా వరహాలమ్మ ద్వారానే. "మీ తమ్ముడి కొబ్బరిమట్ట మన రేకుల మీద పడిందని చెప్పు." "మట్ట కొట్టించేశానని బావకి చెప్పక్కా." గోడకి ఇవతల ఈయన, అవతల అతను, ఇద్దరికీ ఇద్దరూ వినబడుతూనే ఉండేవారు. అయినా ఆవిడ చెబితేగాని విన్నట్టు కాదు.

ఇక పువ్వు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు పందెం అంతా దాని మీదే.

ఆరేళ్ళ కిందట వరహాలమ్మ ఒక కోడి ఈక పట్టుకుని, గోడ అవతల తమ్ముడింటి ఎర్ర మందారం పుప్పొడి తీసి, గోడ ఇవతల తన పసుపు మందారానికి అద్దింది. విత్తనాలు కట్టాయి. మొలకలు లేచాయి. చాలావరకు ఎందుకూ కొరగానివే. ఒక్కటి మాత్రం వాలకం వేరుగా ఉందని ఆవిడ దాన్ని పెద్ద మట్టి కుండీలోకి మార్చి, సొంత బిడ్డలా సాకింది. తాతబ్బాయి నర్సరీలో మొక్కలన్నీ తాతబ్బాయివే, ఆ ఒక్కటే ఆవిడది. ఈ ఏడు అది మొదటి మొగ్గ వేసింది. రాజమండ్రి పూల ప్రదర్శనలో కొత్త రకాలకి పోటీ ఉంది. మొక్క కుండీతో సహా మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడ ఉండాలి, తెంపిన పువ్వు చెల్లదు. మందారం పొద్దున విచ్చుకుంటే సాయంత్రానికి ముడుచుకుపోతుంది. ఆ మొగ్గ సరిగ్గా పోటీ రోజు పొద్దున్న ఎనిమిదింటికి విచ్చుకుంది. అంచుల్లో లేత పసుపు, నడిమధ్య ఇంత ఎర్రటి మచ్చ. వరహాలమ్మ కళ్ళొత్తుకుని, "ఏవండీ, బండి తియ్యండి" అంది.

తాతబ్బాయి బండెక్కి క్లచ్ తొక్కాడు. పెడల్ నేలకి అంటుకుపోయింది, మళ్ళీ పైకి లేవలేదు.

ఊళ్ళో ఉన్న వ్యానులన్నీ చీకటితోనే ఇదే ప్రదర్శనకి మొక్కలు మోసుకుపోయాయి. ఆటోలో అయితే కుండీని పడుకోబెట్టాలి, పడుకోబెడితే పువ్వు నలిగిపోతుంది. మెకానిక్కుకి ఫోన్ చేస్తే, "అన్నవరం కొండ మీదున్నానండి, మావోడి పెళ్ళి, తలంబ్రాలు పోత్తన్నారు" అని పెట్టేశాడు.

"నేను చేత్తానుండు" అన్నాడు తాతబ్బాయి. ఆ మాట వినగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

వరసగా పొరపాట్లు లేకుండా చేస్తే ఇది గంట పని. ఒకళ్ళు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకళ్ళు కింద పడుకుని నన్ను వదులు చెయ్యాలి. గాలీ ఆయిలూ కలిసి బయటికి చిమ్ముతాయి. నన్ను మళ్ళీ బిగించాక మాత్రమే పైవాళ్ళు కాలు వదలాలి. ముందే వదిలితే బయటి గాలిని లోపలికి పీల్చేస్తాను, అది నా చేతిలో లేదు. ఇలా పదిసార్లో ఇరవైసార్లో చేస్తే పెడల్ గట్టిపడుతుంది. అంతకన్నా గొప్ప విద్యేమీ లేదు, ఒకళ్ళ మాట ఒకళ్ళు వింటే చాలు.

తాతబ్బాయి షర్టు విప్పి గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. వరహాలమ్మ మోకాలి ఆపరేషన్ నాటి సెలైన్ గొట్టం కడిగి దాచి ఉంచారు, దాని ఒక కొస నాకు తొడిగి, రెండోది ఖాళీ సీసాలో పెట్టాడు. వరహాలమ్మ సీటెక్కి రెండుసార్లు తొక్కింది. మూడోసారికి "అమ్మా" అని మోకాలు పట్టుకుంది. ఇక లాభం లేదని దిగి, గోడ దగ్గరికి వెళ్ళి కేకేసింది.

"ఒరే బుల్లీ, నాకో కాలు కావాలిరా!"

బుల్లిరాజు గోడ దాటి వచ్చాడు. బావ కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. వాటిని చూసి అతను, "నేను మా అక్క కోసం వచ్చాను, ఎవరికోసమూ రాలేదు" అని ఆ కాళ్ళకి వినబడేట్టు అని సీటెక్కాడు.

"మీ తమ్ముణ్ణి తొక్కమను" అంది కింది గొంతు.

"తొక్కమంటన్నారురా."

"తొక్కానని చెప్పక్కా."

"తొక్కేడంటండి."

అప్పుడు తాతబ్బాయి నన్ను వదులు చేసేవాడు. కానీ ఈ మాట అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి పైన కాలు ఊరుకుంటుందా? ముప్పై రెండేళ్ళు క్లచ్ తొక్కి వదిలిన కాలు అది. తొక్కడం, వదలడమే గానీ తొక్కి కూర్చోవడం దానికి అలవాటు లేదు. నేను తెరుచుకునే వేళకి సరిగ్గా పెడల్ పైకి లేస్తుంది, గర్ర్‌మని నేను గాలి పీలుస్తాను. "పట్టుకోమను" అనే మాట అప్పుడు బయలుదేరి, అక్క దగ్గర ఆగి, తమ్ముడి చెవికి చేరుతుంది. ఇరవైసార్లు ఇదే తంతు. లోపలి గాలి బయటికి పోవడం అలా ఉంచండి, ఊళ్ళో గాలంతా లోపలికి వస్తోంది.

"మీ తమ్ముడికి బస్సు ఎవడిచ్చాడో కనుక్కో" అన్నాడు తాతబ్బాయి.

"సీసాలో గొట్టం కొస ఆయిల్లో మునిగుండాలని కూడా తెలీనోళ్ళకి స్పానరు ఎవడిచ్చాడో కనుక్కోక్కా" అన్నాడు బుల్లిరాజు.

పదకొండు దాటింది. మాటలతో పనికాదని బుల్లిరాజు అక్క ద్వారా ఒక ఉపాయం పంపాడు. స్పానరుతో చాసిస్ మీద ఒక దెబ్బ కొడితే తొక్కాలి, రెండు కొడితే వదలాలి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇద్దరికీ మహా సంతోషమైంది. మొదటి దెబ్బ పడింది, తొక్కాడు. నేను తెరుచుకున్నాను, బుడగలు బయలుదేరాయి. ఆహా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల బుల్లిరాజు భార్య రోట్లో పసుపుకొమ్ములు దంచడం మొదలెట్టింది. ధన్, ధన్. ఇతను వదిలేశాడు. ధన్. తొక్కాడు. ధన్, ధన్. వదిలాడు. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చప్పుడుకి కదలడం అలవాటైన మనిషి, పాపం. కింద తాతబ్బాయి ముఖం మీద నేను రెండుసార్లు ఆయిల్ కక్కాను. కావాలని చేసింది కాదు.

ఈ గోలలో స్టీరింగ్ పక్కన ఉండే, గొట్టానికి ఆయిల్ అందించే గిన్నె సంగతి కిందివాడు మరిచిపోయాడు. పైవాడు చూస్తూనే ఉన్నాడు. చెప్పాలంటే మాట్లాడాలి కదా! అందుకని స్టీరింగుతో అన్నాడు, "గిన్నె అడుగంటిపోతంది. ఎవరికి చెప్తాం, మనకి ఎవరితో మాటలున్నాయి గనక." వరహాలమ్మ ఆ సమయానికి పువ్వుకి ఎండ తగలకుండా గొడుగు సర్దుతోంది. తాతబ్బాయి విన్నాడు. విననట్టు ఇంకోసారి నన్ను తిప్పాడు. గిన్నె పూర్తిగా ఎండిపోయి, గొట్టం పొడుగునా గాలి నిండింది. చేసిన పనంతా గంగలో కలిసింది. ఇప్పుడు మిగిలింది డబ్బా అడుగున గిన్నెడు ఆయిల్. పోయిందంటే మళ్ళీ కొట్టు తెరిచేది సాయంత్రమే. పన్నెండున్నర అయింది. పువ్వులో ఒక రేక అంచు అప్పుడే కొద్దిగా వాలడం మొదలైంది.

వరహాలమ్మ గొడుగు కింద పెట్టి వచ్చింది. నేను ఆవిడ గొంతు అలా వినడం అదే మొదలు.

"ఎనిమిది నెలల్నించి మీ ఇద్దరి మాటలూ మోత్తన్నాను. నా మోకాలు మెట్లెక్కి అరగలేదు, మీ ఇద్దరి మధ్యా తిరిగి అరిగింది. ఆరేళ్ళు పెంచానయ్యా ఆ మొక్కని. నా జన్మకి ఒక్క పువ్వు అడిగాను. మీ పౌరుషాలు సల్లగుండ, సాయంత్రానికి అది ముడుచుకుపోతాది, రేపట్నించి మీరు తీరిగ్గా పోట్లాడుకోండి. నేనింక ఒక్క మాట కూడా మొయ్యను."

వెళ్ళి కుండీ పక్కన కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల రోలు కూడా ఆగిపోయింది.

కింద తాతబ్బాయి, పైన బుల్లిరాజు. ఇద్దరి మధ్యా ఒక రేకు, నాలుగు జానల దూరం. నాకు నోరుంటే బాగుండేది. కాసేపటికి డబ్బా మూత తీసిన చప్పుడైంది. బుల్లిరాజు మిగిలిన ఆయిల్ చుక్క పోకుండా గిన్నెలో పోశాడు. గొట్టం కొస మునిగేలా తాతబ్బాయి సీసా వంచి పెట్టాడు. పెడల్ మెల్లగా కిందికి దిగింది. స్పానరు నా మీదకి వచ్చింది, జారింది. నా రెండు పలకలు అరిగిపోయాయి. ఆయన కటింగ్ ప్లేయరు తీసి నన్ను తల పట్టుకుని తిప్పాడు. ప్రాణం పోయినంత పనైంది గానీ తెరుచుకున్నాను. బుసబుసా గాలి బయలుదేరింది. ఇప్పుడు గనక పైన కాలు లేచిందో, అయిపోయిందే!

"ఒరే బుల్లీ, వదలకురా!"

"వదల్లేదు బావా!"

ఎనిమిది నెలల తరవాత మొదటి మాటలు అవే. తాతబ్బాయి నన్ను బిగించి అన్నాడు.

"వదులు. మళ్ళీ తొక్కు. గోడ పక్కనున్నవాడికి ఫోన్లో పంపుతావురా కార్డు?"

"తొక్కా. గోడ పక్కనున్నోడివి పిలవకపోయినా వత్తావనుకున్నా."

"పట్టు. పిలవకుండా రావడానికి నేనేవన్నా ఈగనా?"

"పట్టా. పొద్దున్నించి గుమ్మంకేసే చూత్తా కూచున్నా తెలుసా? బావ వచ్చాక పాలు పొంగిద్దామన్నా. ముహూర్తం దాటిపోతందని అందరూ తిట్టారు."

తాతబ్బాయి నన్ను మెల్లగా బిగించాడు.

"వదులు. ఆ ముక్క ఎవరికి చెప్పావు?"

"తొక్కా. నీకు చెబుదామంటే మాటల్లేవుగా."

"పట్టు. గిన్నె చూడు."

"సగం ఉంది బావా. కానీ, నువ్వు కానీ."

నేను గాలి కక్కుతూనే ఉన్నాను. పెద్ద బుడగలు, చిన్న బుడగలు, తరవాత ఆవగింజల్లాంటివి, చివరికి ఒట్టి ఆయిల్, బంగారంలా తేటగా. తిట్లు ఎంత జోరుగా వెళ్ళాయో గాలీ అంత జోరుగా వెళ్ళింది. పద్నాలుగోసారి తొక్కేసరికి పెడల్ గట్టిగా ఎదురు తిరిగింది. "వచ్చేసింది బావా!" అని బుల్లిరాజు అరిచిన అరుపుకి కాకులు లేచిపోయాయి. వరహాలమ్మ లేవబోయి మోకాలు గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది, నవ్వుతూ ఏడుస్తూ.

బుల్లిరాజు నడిపాడు. పక్కన తాతబ్బాయి ఆయిల్ మొహంతోనే కూర్చుని దారి పొడుగునా ఎలా నడపాలో చెప్పాడు. వెనక వరహాలమ్మ కుండీని కావలించుకుని గొడుగు పట్టుకుంది. మూడింటికి పది నిమిషాలుండగా చేరారు. కొత్త రకం గనక పేరు రాయాలని చీటీ ఇచ్చారట. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి "గోడమందారం" అని రాసింది. రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి పువ్వు తమదాని ముందు నిలబడదని బావా బావమరుదులు తిరుగు దారంతా ఏకకంఠంతో తేల్చారు. ఇల్లు చేరేసరికి మందారం ముడుచుకుపోయింది. వరహాలమ్మ దాన్ని తాకి, "పర్లేదులే తల్లీ, నీ పని నువ్వు చేశావు" అంది.

మర్నాడు పొద్దున్న తాతబ్బాయి మళ్ళీ వ్యాను కిందికి దూరాడు. ఈసారి నన్ను తీసి కొత్తదాన్ని బిగించడానికి. తల గుండ్రమైపోయాక నేనెందుకు పనికొస్తాను? బిగించి, నన్ను అరచేతిలో పట్టుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా బుల్లిరాజు నిలబడి ఉన్నాడు. గోడ దూకి కాదు, వీధిలోకి వెళ్ళి, తిరిగి, గుమ్మంలోంచి వచ్చాడు. ఉతికిన పంచె, చేతిలో ఒక కార్డు. నాలుగు మూలలా ఎండి వెలిసిన పసుపు. పైన బుల్లిరాజు దస్తూరీతో తాతబ్బాయి పేరు, కింద "సకుటుంబంగా".

"అప్పుడే రాసి ఉంచాను బావా. ఇయ్యడానికి బయల్దేరితే వంటోళ్ళు పిలిచారు. తరవాత ఇద్దాం, పక్కిల్లే కదా అనుకున్నాను. మా గృహప్రవేశానికి నువ్వు రావాలి."

తాతబ్బాయి కార్డు అందుకుని చాలాసేపు చదివాడు.

"దీని తేదీ ఎప్పుడో దాటిపోయిందిరా."

"తేదీ చూడకు బావా. పసుపు చూడు."

తాతబ్బాయి తల దించుకుని తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు. చేతులకే అన్నాడు గానీ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తరవాత ఆ కార్డుని మళ్ళీ పైనుంచి కిందిదాకా చదివి అడిగాడు.

"భోజనాలు ఎన్నింటికి?"

"నువ్వెప్పుడొత్తే అప్పుడు."

వెళ్ళాడు. వెళ్ళేముందు వరహాలమ్మని కేకేసి, "నువ్వు కూడా రావే, మా బామ్మర్ది స్వయంగా వచ్చి పిలిచాడు" అని ఊరంతా వినేట్టు చెప్పాడు. కార్డుని గోడ గూట్లో పెట్టాడు. అక్కడ గాలి ఎక్కువ, కార్డు రెపరెపలాడింది. ఎగిరిపోకుండా దాని మీద నన్ను పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

వాళ్ళిద్దరూ రోజూ గోడకి చెరో వైపు చేరి, ఆ రోజు గాలి పోయింది తొక్కినవాడి వల్లా, విప్పినవాడి వల్లా అని వాదించుకుంటారు. వరహాలమ్మ పక్కనే మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ ఒక్క మాట కూడా కల్పించుకోదు. నా ప్రసక్తి మాత్రం ఇద్దరూ ఎత్తరు. నేనేమీ నొచ్చుకోను.